పడవ లేని ఇంజను

అశోక్‌నగర్‌లో మా మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన, రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంటుంది. దాని అంచుకి ఒక చెక్క పలక బిగించి, ఆ పలకకి ఒక పాత ఔట్‌బోర్డ్ మోటారు తగిలించాను. ఎనిమిది హార్స్‌పవర్, టూ స్ట్రోక్. నెలకొక ఆదివారం పొద్దున్నే డ్రమ్ము నింపి, తాడు లాగి స్టార్ట్ చేస్తాను. మూడో లాగుడుకో నాలుగో లాగుడుకో నాలుగు సార్లు దగ్గి, పొగ వదిలి, అందుకుంటుంది. డ్రమ్ములో నీళ్ళు ఎసరు మరిగినట్టు పొంగుతాయి. గేరు మాత్రం వెయ్యను. వేస్తే డ్రమ్ముతో సహా పిట్టగోడ దాటి పోతుందేమోనని భయం. ఐదు నిమిషాలయ్యేసరికి వెనక వీధి హాస్టల్ కిటికీలోంచి గ్రూప్ వన్‌కి చదివే కుర్రాడెవరో "అన్నా, జర ఆపుండ్రి అన్నా, ఎగ్జామున్నది" అని అరుస్తాడు. ఆపేస్తాను.

పడవ లేదు. ఎప్పుడూ లేదు. ఈ ఇంజన్ని రాణిగంజ్‌లో పాత సామాన్ల కొట్లో, కాటా మీద తూకం వేయించి, తుక్కు ధరకి కొన్నాను. ఆటోలో వేసుకుని చిక్కడపల్లిలో ఒక బైక్ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన యమహా ఆర్ఎక్స్ హండ్రెడ్ బళ్ళకి పేరుమోసినవాడు, ఇప్పటికీ టూ స్ట్రోక్ చప్పుడు వింటే మొహం వెలిగిపోయే మనిషి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మొదట అడిగిన మాట ఇదే: "ఇంజన్ మంచిగనే ఉన్నది గానీ, పడవ ఏడుందన్నా?"

పడవ లేకపోతే ఇంజనెందుకు? సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో, కోచింగ్ సెంటర్ల మధ్య అద్దె ఇంట్లో ఉండేవాడికి వేగంగా పోయే పడవల పిచ్చి ఎందుకు పట్టాలి? ఆ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి మా వీధిది. రెండోది ఇంగ్లండు దక్షిణ తీరంలో ప్లిమత్ అనే ఊరిది.

*

2000 ఆగస్టు 24. హైదరాబాదులో ఆ ఒక్క రోజు దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. అప్పుడు నాకు పదేళ్ళు. మేం అశోక్‌నగర్‌లోనే, నాలాకి రెండు వీధుల ఇవతల, కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం.

ఈ నాలా గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్ సాగర్ నిండితే, ఎక్కువైన నీళ్ళు ఎటో ఒకవైపు పోవాలి కదా. ట్యాంక్‌బండ్ దిగువ నుంచి కవాడిగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలో కలిసే కాలవ అందుకోసం ఉంది. మామూలు రోజుల్లో అది మురుగు వాసన తప్ప మరేమీ కాదు. ఇప్పుడైతే ఇందిరాపార్కు నుంచి విఎస్‌టి దాకా స్టీలు బ్రిడ్జి కట్టారు. 2023 ఆగస్టులో మొదలైన ఆ బ్రిడ్జి మీద సర్రుమని పోయేవాళ్ళకి కింద పేట కనిపిస్తుంది గానీ, నాలా గుర్తు రాదు. అది గుర్తొచ్చేది పెద్ద వాన పడినప్పుడే. చెరువుకి మా ఇల్లు ఒక అలుగు కింద పొలం లాంటిదని ఆ రోజు తెలిసింది.

తెల్లవారుజామున మా నాన్న మంచం మీంచి కాలు కింద పెడితే నీళ్ళు తగిలాయి. గంటలో మోకాళ్ళ దాకా వచ్చాయి. బియ్యం డబ్బా, రేషన్ కార్డు, టీవీ పట్టుకుని పైవాటా ఇంటివాళ్ళ దగ్గరికి ఎక్కాం. పక్కింట్లో రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు. మేం తాతగారు అనేవాళ్ళం. రాత్రి నుంచే ఆయనకి గుండెల్లో నొప్పి. ఫోను లేదు, కరెంటు లేదు, వీధిలో నడుం లోతు ప్రవాహం. వాళ్ళబ్బాయి గోడ పట్టుకుని రెండిళ్ళ అవతలి దాకా వెళ్ళి, నిలవలేక వెనక్కొచ్చాడు. అందరం పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్నాం. ఆయన భార్య మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా, ఆయన అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక చప్పుడు వినిపించింది. మా వీధి మొగలోంచి, కిరాణా కొట్టు బోర్డు పక్కనుంచి, మోటారు కట్టిన రబ్బరు పడవ ఒకటి వచ్చింది. వీధిలో పడవ! పిల్లలం కేకలు పెట్టాం. సరిగ్గా మా ఇంటి ముందుకొచ్చాక ఇంజను గుడగుడమని ఆగిపోయింది. ప్రవాహం పడవని వెనక్కి లాక్కెళ్తోంది. లోపలున్న ఇద్దరిలో ఒకతను కరెంటు స్తంభాన్ని వాటేసుకున్నాడు. రెండో అతను ఇంజన్ని పైకి వంచి, రెక్కకి చుట్టుకున్న ప్లాస్టిక్ సంచుల్నీ చీర ముక్కనీ కత్తితో కోసి పారేసి, మళ్ళీ నీళ్ళలోకి దించి, తాడు లాగాడు. రెండు సార్లు ఏమీ లేదు. మూడోసారి బతికింది.

తాతగార్ని కుర్చీతో సహా పడవలోకి దించారు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం ఉంది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. నాకు ఇంటర్ దాకా లెక్కలు ఆయనే చెప్పారు. నాకు గుర్తున్నది మాత్రం లెక్కలు కాదు, ఆ మూడో లాగుడు. చచ్చిపోయిన ఇంజను ఒక మనిషి చేతిలో మళ్ళీ బతకడం, ఆ తర్వాత పడవ ముక్కు పైకి లేచి వీధి చివరికి దూసుకుపోవడం.

*

పడవ ముక్కు ఎందుకు లేస్తుంది? చాలా ఏళ్ళకి గానీ నాకు అర్థం కాలేదు. మామూలు పడవ నీళ్ళని పక్కకి తోసుకుంటూ పోతుంది. వేగం పెంచేకొద్దీ తన ముందు తనే ఒక అల లేపుకుంటుంది. ఆ అలని దాటలేక, దాని వెనకే ఈడ్చుకుంటూ పోతుంది. ఎంత పెద్ద ఇంజను పెట్టినా ఒక హద్దు దాటదు, ఆ హద్దు పడవ పొడవుని బట్టి ఉంటుంది. వేగం పడవ కిటుకు వేరు. దాని అడుగు వెడల్పుగా, పదునైన అంచులతో ఉంటుంది. తగినంత బలంగా తోస్తే ముందు ఎక్కుపెట్టినట్టు ముక్కు లేచి, తర్వాత మొత్తం పడవే తన అలనెక్కి, నీళ్ళలో కాకుండా నీళ్ళ మీద పోతుంది. చిన్నప్పుడు చెరువు గట్టున చిల్లపెంకు విసిరితే కప్పదాట్లు వేసుకుంటూ పోయేది చూడండి, అదీ ఇదీ ఒకటే. పెంకు బరువు మారలేదు, చెరువు మారలేదు. వేగం ఉన్నంతసేపూ మునగదు, వేగం పోగానే మునుగుతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ కిటుకు పట్టుబడ్డాక, వేగం పడవలు డబ్బున్నవాళ్ళ ఆటబొమ్మలయ్యాయి. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో పందేల కోసమని 1920లలో బిస్కేన్ బేబీ అనే చిన్న పడవలు కట్టారు. అలాంటిదొకటి ఎలాగో ఇంగ్లండు చేరి, బాగా పాడైపోయి, 1929లో ఒక ఆసామి విహార నౌక మీద పనికిరాకుండా పడి ఉంది. అతను దాన్ని ప్లిమత్ దగ్గర మౌంట్ బాటెన్ వైమానిక స్థావరంలో ఇద్దరికి ఉత్తినే ఇచ్చేశాడు. ఒకరు స్థావరం కమాండరు భార్య క్లేర్ సిడ్నీ స్మిత్. రెండోవాడు అక్కడ అట్టడుగు ర్యాంకులో పనిచేసే ఒక ఎయిర్‌క్రాఫ్ట్‌మన్. పేరు షా.

ఆ షా అసలు పేరు టి. ఇ. లారెన్స్. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా చూసినవాళ్ళకి ఒంటెలూ ఇసకా తెల్ల బట్టలూ గుర్తుంటాయి. ఆ సినిమా మొదటి సీన్లో మోటారు సైకిల్ ప్రమాదం ఉంటుంది, తర్వాత కథ వెనక్కి ఎడారికి వెళ్ళిపోతుంది. మధ్యలో ఉన్న పదిహేనేళ్ళు సినిమాలో లేవు. నాకు కావల్సిన లారెన్స్ ఆ పదిహేనేళ్ళలో ఉన్నాడు.

అశోక్‌నగర్‌లో ఈ కథ ఎవరికైనా చెబితే నమ్మరు. సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద, చెట్ల కింద, టీ బండ్ల దగ్గర ఎవర్ని కదిపినా ఆఫీసరవ్వాలనే కూర్చున్నారు. లారెన్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, యుద్ధంలో కల్నల్ అయ్యాడు, యుద్ధం తర్వాత మంత్రి చర్చిల్ దగ్గర సలహాదారుగా పనిచేశాడు. అదంతా వదిలేసి, 1922లో పేరు మార్చుకుని వైమానిక దళంలో అందరికన్నా కింది ర్యాంకులో చేరాడు. పత్రికలు పసిగడితే బయటికి పంపించారు. మరో పేరుతో ట్యాంకు దళంలో చేరాడు. 1925లో బతిమాలి మళ్ళీ వైమానిక దళానికొచ్చాడు. 1927లో మన ఉపఖండానికే, కరాచీకి వచ్చాడు. 1929 మొదట్లో తిరిగి ఇంగ్లండు వెళ్ళాక మౌంట్ బాటెన్‌లో వేశారు. 'సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్' రాసినవాడు, హోమర్ ఒడిస్సీని ఇంగ్లీషు చేస్తున్నవాడు, పగలు స్థావరంలో పడవల ఇంజన్లు విప్పి కడిగేవాడు.

ఆ పాడైన పడవకి బిస్కెట్ అని ముద్దుపేరు పెట్టారు. లారెన్స్ ఇంజను మొత్తం విప్పి, ముక్క ముక్కా శుభ్రం చేసి బిగించాడు. బాగయ్యాక క్లేర్, అతనూ దాంట్లో ప్లిమత్ రేవంతా తిరిగారు. ఆమె తర్వాత ఆ రోజుల గురించి ఒక పుస్తకం కూడా రాసింది. అంతవరకైతే ఇది ఒక పెద్దమనిషి హాబీ కథ.

1931 ఫిబ్రవరి 4న, వాళ్ళిద్దరూ చూస్తుండగానే, ఒక ఫ్లయింగ్ బోటు రేవులో దిగబోయి నీళ్ళలోకి కూలిపోయింది. ఒడ్డు దగ్గరే. లారెన్స్ రక్షణ పనిలోకి దూకాడు. అయినా విమానంలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చనిపోయారు. ఆ రోజుల్లో వైమానిక దళం వాడే పడవలు నౌకాదళం పాత నమూనాలు, బరువైనవి, నెమ్మదైనవి. విమానాల వేగం ఏటేటా పెరుగుతోంది. అవి నీళ్ళలో పడితే వెతకడానికి వెళ్ళే పడవలు మాత్రం తమ అల వెనకే ఈదుకుంటూ పోతున్నాయి.

బిస్కెట్ బాగుచేసిన చేతికి ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించి ఉండాలి. వేగం పడవలు కావాలని లారెన్స్ పై అధికారుల వెంటపడ్డాడు. సౌతాంప్టన్ దగ్గర హైత్‌లో హ్యూబర్ట్ స్కాట్ పెయిన్ అనే పడవల తయారీదారుడు అప్పటికే నీళ్ళ మీద లేచి పోయే పడవలు కడుతున్నాడు. లారెన్స్‌ని అక్కడికి పంపించారు. సముద్రంలో పరీక్షలు చేశాడు, లోపాలు పట్టాడు, సిబ్బందికి నడపడం నేర్పాడు. అలా వచ్చిందే ముప్పై ఏడున్నర అడుగుల '200 క్లాస్' పడవ. రెండు ఇంజన్లు, ఒక్కోటి వంద హార్స్‌పవర్. దాన్ని ఎలా నడపాలో, ఎక్కడెక్కడ పాడవుతుందో, ఎలా బాగుచెయ్యాలో చెబుతూ లారెన్స్ ఒక చేతిపుస్తకం రాశాడు. 'సెవెన్ పిల్లర్స్' రాసిన చేత్తోనే బోల్టుల గురించి, కందెనల గురించి, ఎవరికైనా అర్థమయ్యే సాదా వచనం రాశాడు. సాహిత్య చరిత్రల్లో ఆ పుస్తకానికి చోటు లేదు. వైమానిక దళంలో తన పేరు ఎక్కడా పెద్దగా లేని ఆ పనినే ఆయన చాలా ఇష్టంగా చేశాడు.

1935 ఫిబ్రవరిలో ఉద్యోగం ముగిసింది. మే 13న మోటారు సైకిల్ ప్రమాదం, 19న మరణం. నాలుగేళ్ళ తర్వాత మొదలైన యుద్ధంలో, ఆ పడవల దారిలో వచ్చిన వేగం లాంచీలే ఇంగ్లీషు ఛానెల్లో కూలిన పైలట్లని ఏరుకొచ్చాయి. వేలమంది బతికారు. స్కాట్ పెయిన్ నమూనా అమెరికాకి వెళ్ళి అక్కడి టార్పెడో పడవలకి మూలమైంది. 1943లో జాన్ కెనడీ కింద మునిగిపోయిన పీటీ 109 కూడా ఆ వంశంలోదే.

కాబట్టి ప్లిమత్ జవాబు ఇది: ఎవరో పారేసిన ఆటబొమ్మని ఒకడు ఓపిగ్గా బాగుచేశాడు. బాగుచేస్తూ దాని గుట్టు తెలుసుకున్నాడు. ఒక ప్రమాదం చూశాక ఆ గుట్టు ఎవరికి పనికొస్తుందో అతనికి తట్టింది.

*

అందరికీ అలా తట్టలేదు. వేగం పడవల చరిత్రలో ఎక్కువ భాగం రికార్డుల చరిత్రే. అందులో మరణాలు ఎక్కువ.

1930 జూన్ 13న ఇంగ్లండులోని విండర్‌మియర్ సరస్సులో హెన్రీ సెగ్రేవ్ 'మిస్ ఇంగ్లండ్ 2' మీద గంటకి 98.76 మైళ్ళ రికార్డు పెట్టాడు. అదే రోజు మరోసారి పరుగు తీస్తుంటే పడవ దెబ్బతిని బోల్తా కొట్టింది. నీళ్ళలో తేలుతున్న దుంగ తగిలిందంటారు. సెగ్రేవ్, ఇంజనీరు హాలివెల్ చనిపోయారు. పడవని మాత్రం పైకి తీసి, బాగుచేసి, మర్నాడు ఏడాది కే డాన్ అనే ఇంకొకడు దాని మీదే రికార్డు కొట్టాడు. మనుషులు పోయినా పడవ బతికింది.

డొనాల్డ్ కాంప్‌బెల్ కథ ఇంకా పెద్దది. తండ్రి మాల్కమ్ కూడా రికార్డుల మనిషే. కొడుకు 'బ్లూబర్డ్ కె7' అనే జెట్ పడవతో 1955 నుంచి 1964 దాకా ఏడుసార్లు నీటి మీద ప్రపంచ రికార్డు పెట్టాడు. 1967 జనవరి 4న కోనిస్టన్ సరస్సులో 300 మైళ్ళ వేగం దాటాక పడవ గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, ముక్కలైంది. కాంప్‌బెల్ శరీరం దొరకలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇద్దరూ ఆ సరస్సు అడుగునే ఉన్నారు. బిల్ స్మిత్ అనే ఇంజనీరు, డైవరు వెతికి పట్టుకుని 2001 మార్చిలో పడవని పైకి తీశాడు. మే నెలలో కాంప్‌బెల్ అవశేషాలు దొరికాయి. వాటిని కోనిస్టన్‌లోనే సమాధి చేశారు.

స్మిత్, అతని వలంటీర్లూ ఏళ్ళ తరబడి, వీలైనంత వరకూ పాత రేకునే సాగదీసి, అతికి, బ్లూబర్డ్‌ని మళ్ళీ నిలబెట్టారు. 2018 ఆగస్టులో స్కాట్లండులో బ్యూట్ దీవిలోని ఒక సరస్సులో అది మళ్ళీ నీళ్ళ మీద పరిగెత్తింది. ఆ వెంటనే గొడవ: ఇది ఎవరిది? కాంప్‌బెల్ కుటుంబం దాన్ని కోనిస్టన్‌లోని రస్కిన్ మ్యూజియానికి రాసిచ్చింది. తీసి, బాగుచేసినవాళ్ళు మేం పెట్టిన కష్టానికి మాకూ హక్కుందన్నారు. కొన్నేళ్ళ తగాదా తర్వాత 2024 మార్చిలో అది మ్యూజియానికి చేరింది.

నాకు ఈ తగాదాలో రెండు పక్షాల బాధా అర్థమవుతుంది. కాగితం మీద నా ఇంజను నాదే. తుక్కు కొట్టువాడు చీటీ రాసిచ్చాడు. కానీ కార్బురేటరులో గడ్డకట్టిన పాత పెట్రోలు జిగురుని సూదితో, సన్న తీగతో తీసింది చిక్కడపల్లి మెకానిక్కు. చల్లదనానికి నీళ్ళు పైకి తోడే రబ్బరు చక్రం రెక్కలు ఎండిపోయి విరిగిపోతే, కాకినాడలో చేపల పడవలకి ఇంజన్లు బాగుచేసే ఒకాయన కొత్తది బస్సు పార్సిల్లో పంపాడు. ఫోన్లోనే ఎలా బిగించాలో చెప్పాడు. డబ్బులెంతండీ అంటే, "ముందు నీళ్ళు చిమ్మనీయండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఇంతమంది చెయ్యి పడ్డాక 'నాది' అనేటప్పుడు కొంచెం నాలుక తడబడుతుంది.

ఇక్కడే ఆస్ట్రేలియా కెన్ వార్బీ గురించి చెప్పాలి. సిడ్నీలో ఇంటి పెరట్లో, పైన టార్పాలిన్ పట్టా కప్పుకుని, 'స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా' అనే చెక్క పడవ సొంతంగా కట్టాడు. సైన్యం వేలంలో కారుచౌకగా దొరికిన పాత జెట్ ఇంజను పెట్టాడు. 1978 అక్టోబరు 8న గంటకి 511 కిలోమీటర్లు. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. వార్బీ 2023లో, ఎనభై దాటాక, మంచం మీద పోయాడు. ఈ వరసలో అది అరుదు. అతన్ని తల్చుకుంటే నాకు ధైర్యం. పెరడు లేనివాడికి మేడైనా ఉందని.

*

మన దగ్గర రికార్డు పడవలు లేవు. మనకున్నవి లాంచీలు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలవలు సాగుకే కాదు, పడవలకి కూడా దారులయ్యాయి. రాజమండ్రిలో ఆవిరి పడవలు, ఆ తర్వాత డీజిల్ లాంచీలు. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. గోదావరి సుడుల్నీ ఇసక మేటల్నీ కంటితో చదివే మనిషి. నా తరానికి ఆ లాంచీ అంటే పాపికొండల టూరు. పైన డీజే, కింద భోజనాలు.

2019 సెప్టెంబరు 15న, వరద మీదున్న గోదావరిలో, దేవీపట్నం పైన కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' మునిగిపోయింది. అందులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. 26 మంది బయటపడ్డారు. వాళ్ళని ముందుగా చేరుకున్నది ఏ ప్రభుత్వ స్పీడ్ బోటూ కాదు. కచ్చులూరు గిరిజనులు తమ నాటు పడవల్లో వెళ్ళి, దొరికినవాళ్ళని దొరికినట్టు లాగారు.

పడవ రెండు వందల అడుగులకు పైగా లోతులో ఉండిపోయింది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం, ఆయన మనుషులూ తీస్తామని వచ్చారు. వాళ్ళ దగ్గరున్నవి ఇనప తాళ్ళు, లంగర్లు, ఒక పంటు, ప్రొక్లెయిన్. ఇనప తాడుని నది అడుగున వలయంలా తిప్పి, లంగరు తగిలితే లాగడం. ఒకసారి తాడు తెగింది. వరద పెరిగి పని ఆగింది. మళ్ళీ వచ్చారు. విశాఖ నుంచి డైవర్లు దిగారు. ఒడ్డున రోజూ కుటుంబాలు కూర్చుని ఉండేవి. అక్టోబరు 22న, 38వ రోజున, పడవ పైకొచ్చింది. దానిలో ఇంకా మృతదేహాలున్నాయి.

ఆ వార్తలు నేను గంట గంటకీ చూశాను. కోనిస్టన్‌లో సోనార్‌తో వెతికి తీసిన నీలి పడవ ఒక కంట్లో, గోదావరి బురదలోంచి వచ్చిన ఈ చిరిగిన పడవ ఒక కంట్లో. ఒకదాన్ని పదిహేడేళ్ళు అతికారు. రెండోదాన్ని అతకమని ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. ఆ కుటుంబాలకి కావల్సింది పడవ కాదు, దహనం చెయ్యడానికి ఒక శరీరం. అయినా నాకు ఒక సంగతి ఆ రోజు తేటపడింది. పడవని పైకి తీసే పనిలోనే చాలా ప్రేమ ఉంది. దానికి మ్యూజియం అక్కర్లేదు.

మన హుస్సేన్ సాగర్‌కీ ఇలాంటి కథ ఉంది. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగిపోయి, ఏకశిలా విగ్రహం చెరువు అడుగుకి వెళ్ళింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992 డిసెంబరు 1న విగ్రహాన్ని పైకి తెచ్చి నిలబెట్టారు. ఇప్పుడు లుంబినీ పార్కు నుంచి స్పీడ్ బోటు ఎక్కితే దాని చుట్టూ ఒక చుట్టు తిప్పుతారు. నేనెన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. ఎక్కినవాళ్ళు విగ్రహం ఎత్తెంతని అడుగుతారు. ఆ రోజు బార్జితో పాటు పోయిన మనుషుల గురించి ఎవరూ అడగ్గా నేను వినలేదు.

అదే చెరువులో వానాకాలం తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. అందరూ రంగురంగుల తెరచాపలు చూస్తారు. నేను ఒక పక్కన నిలిచి ఉండే మోటారు బోట్లని చూస్తాను. గాలి తిరిగి ఏ పిల్లదో పడవ బోల్తా పడగానే, ముక్కు లేపి అటు దూసుకుపోతాయి. మిగతా సమయమంతా ఊరికే నిలబడి ఉంటాయి. వాటి పని ఎక్కువ భాగం ఎదురుచూడటమే.

*

2024 జులై 27న ఢిల్లీలో, ఓల్డ్ రాజేంద్రనగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ సెల్లారు లైబ్రరీలోకి వాన నీళ్ళు వచ్చి, సివిల్స్‌కి చదువుకుంటున్న ముగ్గురు చనిపోయారు. నదిలో కాదు, సముద్రంలో కాదు. వీధిలోంచి వచ్చిన నీళ్ళలో, కుర్చీల మధ్య.

ఆ రాత్రి అశోక్‌నగర్‌లో టీ బండి దగ్గర అందరి ఫోన్లలో అదే వీడియో. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా పేటలో ఎన్ని స్టడీ హాళ్ళు సెల్లార్లలో ఉన్నాయో, వాటికి ఎన్ని మెట్లున్నాయో, నాలా ఎంత దూరమో మనసులో ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటున్నట్టు అనిపించింది. నన్ను కిటికీలోంచి ఆపమని అరిచే కుర్రాడు అక్కడే ఉన్నాడు. ఆదిలాబాద్ వైపు ఊరతనిది. "అన్నా, మీ ఇంజన్ నిజంగ నడుస్తదా?" అని అడిగాడు. నడుస్తుందన్నాను. "మరి పడవ?" అన్నాడు.

మెకానిక్కు అడిగినప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఈసారి నవ్వు రాలేదు. ఎనిమిది హార్స్‌పవర్ మోటారు, ఎవరి దగ్గరా లేని పడవ, సెల్లారుకి అది ఎలాగూ దిగదు. అక్కడ కావల్సింది పడవ కాదు. సెల్లారులో కుర్చీలు వెయ్యకుండా ఆపగల అధికారి, నీళ్ళు పోవడానికి నాలాకి చోటు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతను చదువుతున్నదే ఆ అధికారి అవడానికి. అయినా ఇద్దరం చాలాసేపు పడవల గురించే మాట్లాడుకున్నాం. లారెన్స్ గురించి చెప్పాను. కల్నల్ ఉద్యోగం వదిలి కింది ర్యాంకులో చేరాడంటే, "పాగల్ గాడా?" అన్నాడు. విమానం కూలిన రోజు గురించి, ఆ తర్వాత వచ్చిన పడవల గురించి విన్నాక కాసేపు ఊరుకుని, "పోస్టు చిన్నదే గానీ ఫైలు మంచిగ కదిపిండు" అన్నాడు. లారెన్స్ మీద ఇంత పొట్టి జీవితచరిత్ర నేనెక్కడా చదవలేదు.

పోయిన నెల కాకినాడాయన ఫోన్ చేశాడు. పన్నెండడుగుల ఫైబర్ పడవ ఒకటి, అడుగున పగిలింది, ఒడ్డున ఎండుతోంది, మోసుకుపోతే చాలు అన్నాడు. మేడ మీదకి ఎలా ఎక్కించాలో మా ఇంటాయనకి ఇంకా చెప్పలేదు. మెకానిక్కుకి చెప్పాను. పగులు ఫొటోలు పెద్దది చేసి చూసి, "ఫైబర్ పని నాకు రాదన్నా, నేర్సుకుందాం" అన్నాడు.

ఆదివారం ఇంజను స్టార్ట్ చేశాను. కిటికీలోంచి అరుపు రాలేదు. ఆపేశాక చూస్తే ఆ కుర్రాడు మెట్లెక్కి పైకొచ్చి, డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాడు. ఒకసారి తాడు లాగచ్చా అని అడిగాడు. మొదటిసారి రాలేదు. రెండోసారీ రాలేదు. చోక్ కొంచెం లోపలికి నొక్కి, మళ్ళీ లాగమన్నాను.